చెవులపిల్లి పిన్నీసు

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నందిగామ బడిలో తొమ్మిదో తరగతికి రోమన్ల గురించి చెబుతూ ఒక ఫొటో చూపించాను. పరుగెడుతున్న చెవులపిల్లి బొమ్మ, కంచుది, బొటనవేలంత ఉంటుంది. కప్పుకున్న బట్ట జారకుండా భుజం దగ్గర పెట్టుకునేవాళ్లట. నీకు నచ్చేది. మిరప చేలో చెవులపిల్లి కనపడితే పని ఆపి మరీ చూసేదానివి.

దాని వెనకవైపు సూది కనపడే ఫొటో చూపించగానే ముందు బెంచీలో పిల్ల అరిచింది.

“పిన్నీసేనండీ! మా అమ్మ పుస్తెలతాడుకి నాలుగుంటాయి.”

నేను జగ్గయ్యపేట కాలేజీకి వెళ్లిన మొదటి రోజు, బస్సెక్కబోతుంటే చున్నీ చిరిగింది. నువ్వూ పుస్తెలతాడు నుంచే పిన్నీసు తీసి పెట్టావు.

“కనపడుద్దమ్మా” అన్నాను.

“కనపడనీవే. మనింట్లో కాలేజీకెళ్లేది నువ్వొక్కదానివే. నిన్ను చూస్తారుగానీ పిన్నీసునా?”

బస్సు కదలగానే దాన్ని లోపలికి తిప్పేశాను. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

రోమన్లు అందరికీ కనపడాలనే పిన్నీసుని అంత అందంగా చేయించుకున్నారని పిల్లలకి చెప్పాను. చెబుతూనే, పమిట లోపలి మడతకి పెట్టుకున్న నీ పిన్నీసు తీసి పైకి పెట్టుకున్నాను.

గంట కొట్టాక ఆ పిల్ల దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

“మేడమ్, మీ పిన్నీసు కనపడతందండీ.”

“కనపడనీవే” అన్నాను.