తనిఖీకి వచ్చిన మగమనిషి

గ్రాంట్ల అధికారి గారికి,

మా ఆదివాసీ స్త్రీల కేంద్రంలో "సాంస్కృతిక కార్యక్రమాలేవీ కనబడలేదు" అని మీ తనిఖీదారు రాశారట. అందుకే ఈ ఏటి సాయం ఆపేస్తామన్నారు.

అయ్యా, సిడ్నీ నుంచి మీరు పంపింది మగమనిషిని. మా ఆడవాళ్ల పాటలు మగవాళ్ల చెవిన పడకూడదు. ఆయనేమో మూడు రోజులూ నట్టింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేము పాటలు మానేసి టీ కాచాం, నిప్పుల్లో రొట్టెలు కాల్చాం. చివరికి మావిస్ పెద్దమ్మ ఉండబట్టలేక అడిగేసింది: "ఏం నాయనా, ఇక్కడే కాపురం పెడతావా ఏంటి? అవతల మాకు బోలెడు పనుంది!" ఆయన నవ్వి, ఇంకో రొట్టె అందుకున్నారు.

ఈసారి ఆడమనిషిని పంపండి, అన్నీ చూపిస్తాం. అయితే చూసింది బయట చెప్పనని ఆవిడ ముందే మాటివ్వాలి. కాబట్టి ఆ నివేదిక కూడా ఖాళీగానే వస్తుంది. దాన్నిబట్టి మా పని చక్కగా సాగుతోందని గ్రహించగలరు.

ఇట్లు,
మూడు రోజులూ టీ కాచిన కార్యదర్శి