నడిమి గోడ మీది బల్బు

అరుణూ, నేన్రా, పక్కింటోన్ని. మొకం మీద అడుగుడు నాకు రాదని నీకు ఎరుకే, అందుకే మెసేజ్ పెడుతున్న.

ఆటల నేను నిన్ను రనౌట్ అన్న, నువ్వు నన్ను తొండిగాడు అన్నవు. మాటల్లేక పద్దెనిమిది దినాలాయె. ఏటేటా కొండగట్టు అంజన్న గుడికి ఇద్దరం కలిసే నడుసుకుంట పోతం గదా. వచ్చే మంగళారమే పోవాలె. నేను ముందు అడిగితె నువ్వు రానంటవేమోనని నా భయం. నీకు గూడ గదే భయమని మా అవ్వ అంటున్నది. "ఇద్దరు నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నరు" అని నవ్వుతున్నది.

గందుకే మోటర్ల వైండింగ్ షాపుల నేర్చుకున్న పని జేసిన. మన నడిమి గోడ మీద చిన్న బల్బు పెట్టిన. ఒక స్విచ్చు మా దిక్కు, ఒకటి మీ కిటికీ కాడ. రెండూ వేస్తెనే వెలుగుతది. నాతోని రావాలని ఉంటె వెయ్యి, లేకుంటె ఊకో. నువ్వు వెయ్యకుంటె, నేను వేసిన్నా లేదా నీకు తెల్వనే తెల్వది. నేను వెయ్యకుంటె నీది నాకు తెల్వది. ఎవల ఇజ్జత్ వాళ్లకుంటది.

మీ నాయినమ్మ రామవ్వ స్విచ్చు జూసి "షాక్ కొడ్తదారా" అన్నది. టార్చి సెల్లులే అవ్వా అని చెప్పిన.

ఇంత రాసినంక సోయికొచ్చింది. గీ మెసేజ్ చదివితెనే నా స్విచ్చు సంగతి నీకు తెలిసిపాయె. తుడుపుదామనుకున్న గని, టైపు జేసేతందుకే గంట పట్టింది.

ఇగ దాసుడెందుకు. నాది వేసే ఉన్నది. బల్బు దిక్కే చూసుకుంట కూసున్న.

ఔట్ మాత్రం ఔటేరా.