గుండుపాప కొత్త పుస్తకం

తిరుపతి, కొర్లగుంట,
ఆదివారం.

మహితక్కకు,

చెల్లెలు నవీన దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాయన మన ఊరు ఐరాలలో మామిడికాయల బేరగాళ్లతో గొంతు పోగొట్టుకుంటున్నాడు. అమ్మ కొద్దిరోజులుగా నా దగ్గరే ఉంది. అక్కడ నువ్వూ బావా కూడా బాగున్నారని తలుస్తాను అని రాయాలి. నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదక్కా. కనీసం వేళకు ఇంత తింటున్నావా? అది చెప్పు, చాలు.

జవాబు ఆలస్యమైందని తిట్టుకుని ఉంటావు. తిట్టుకో, పడతాను. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం, ఉత్తరమైతే ఏడుస్తూనైనా చెప్పాల్సింది చెప్పుకోవచ్చు అని ఈ అలవాటు చేసింది నువ్వే. నేను నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. అమ్మ చూసి, "ఏందే, కాగితాలన్నీ పాడు చేస్తా ఉండావు? బొమ్మ రాలేదా?" అంది. బొమ్మ కాదులే అమ్మా అన్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా రోజూ డాబా మీదికి పోయి వడియాలు చూసుకుని వస్తుంది. ఏమన్నా అంటే, "నా కాళ్లు, నా నొప్పి, నీకేమే?" అంటుంది. నా పెళ్లి సంగతి కూడా అడిగావు. పొద్దున అమ్మ అడుగుతుంది, సాయంత్రం ఇంటి ఓనరమ్మ అడుగుతుంది, ఇక వడోదర నుంచి నువ్వొకదానివి తక్కువైనావు. ఆ మాట వదిలెయ్.

ఇక పని సంగతి. గుండుపాప బొమ్మల కథల కొత్త పుస్తకం సగానికి పైగా అయింది. ఈసారి కథంతా గంగజాతరలో నడుస్తుంది. మొదటి పుటలోనే పాప బైరాగి వేషం కడతానని పేచీ పెడుతుంది. ఒళ్లంతా తెల్లటి నామంకొమ్ము పూసుకుని, చేతిలో వేపమండ పట్టుకుని వీధిలో పడుతుంది. జాతరలో ఎంత తిడితే అమ్మవారికి అంత ఇష్టమని ఎవరో చెప్పి ఉంటారు. కానీ దానికి తిట్లు రావు కదా, "ఒరే వంకాయా! ఒసే పొట్లకాయా!" అని ఎదురొచ్చిన వాళ్లనల్లా కూరగాయల పేర్లు పెట్టి తిట్టుకుంటూ పోతుంది. ఒక పోలీసాయన్ను "ఒరే గుమ్మడికాయా" అంటుంది. ఆ బొమ్మగడి గీస్తూ నేనే నవ్వుకున్నాను. హైదరాబాదులో మా ఎడిటర్ స్రవంతి గారికి ఆ పుటలు పంపితే ఫోన్లో ఒకటే నవ్వు. వెనకనుంచి వాళ్లమ్మాయి "నన్ను కాకరకాయా అని తిట్టమ్మా" అని గోల.

నువ్వు రాసిన కోరిక మరిచిపోలేదు. "ఈ పుస్తకంలోనైనా దానికి జుట్టు పెరగనీవే, రెండు జడలతో ఒక్కసారి చూసుకుంటాను" అన్నావు. నీ ఒక్కదానికే కాదు, పిల్లలందరికీ అదే ఆరాటం. తిరుచానూరులో ఒక బడికి పిలిస్తే పోయాను. ఒక చిన్నపిల్ల లేచి నిలబడి, "అక్కా, గుండుపాపకు జుట్టు యెప్పుడొస్తాది? మా తమ్ముడికి కొండమింద గుండు కొట్టిచ్చినాం, బిరిబిరా వచ్చేసె. ఈ పాపకేమన్నా రోగమా?" అని అడిగింది. టీచరమ్మ ఆ పిల్లను గదమాయించింది. నేను జవాబుకు బదులు ఆ పిల్ల నోటుపుస్తకంలో గుండుపాప బొమ్మ గీసిచ్చి వచ్చేశాను.

ఏం చెప్పమంటావక్కా? మొక్కు ఉందని ఆరో ఏటిదాకా కత్తెర పెట్టని జుట్టు కొండమీద ఇచ్చేసి, గంధం పూసుకున్న గుండుతో ధనూ ఈ ఇంటి గుమ్మంలోకి వచ్చిన రోజు గీశాను ఆ బొమ్మ. నీ బిడ్డ దాన్ని చూసి, "చిన్నమ్మా, నా బొమ్మకు టోపీ పెట్టు, చలేస్తా ఉండాది" అంది. గుండు మీద నూగులాగా జుట్టు మొలిచే సమయానికి ఆ పాడు జ్వరం వచ్చింది, బిడ్డ మనకు లేకుండా పోయింది. ఆ గుండే నా చేతిలో ఉండిపోయింది.

అయినా నీ కోసం ప్రయత్నం చేశాను. జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి సవరాలు పెట్టుకుంటారు కదా, గుండుపాపకు కూడా ఒక సవరం పెట్టాను. పూలు చుట్టిన పొడుగాటి సవరం. గుండుకు సవరం ఎట్లా నిలుస్తుంది? గుడ్డపేలికతో కట్టాను, జారింది. మైనం పెట్టాను, జారింది. ఆ జారడమే నాలుగు పుటల తమాషా చేశాను. అమ్మకు చూపిస్తే మొదట బాగా నవ్వింది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బిడ్డకు అరువు జుట్టు యెందుకు పెడతావే, దాని జుట్టు యెంత ఒత్తుగా ఉన్నింది" అని ఏడ్చింది. ఆ నాలుగు పుటలూ పక్కన పెట్టేశాను.

తర్వాత నిజంగానే జుట్టు గీసి చూశాను. భుజాల దాకా, నడుముదాకా, జడలు, జడగంటలు. ఏది గీసినా ఎవరో పక్కింటి పిల్ల వచ్చి కూర్చున్నట్టు ఉంటోంది. ఇది చెప్పడానికే ఇంత ఆలస్యం చేశానని నువ్వు అనుకుంటావు. దీనికైతే ఇన్ని కాగితాలు చించేదాన్ని కాదు.

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. దాన్ని ఇప్పటిదాకా తప్పించుకుంటూ వచ్చాను. "రాత్రి పడుకునే ముందు దాని కుడిబుగ్గ మీది పుట్టుమచ్చకు ముద్దు పెట్టేదాన్ని, ఇప్పుడు పుస్తకంలో పెడుతున్నాను" అన్నావు.

చదువుతూ నేనూ అవుననుకున్నాను. ఆ మచ్చ నా కళ్లకు కట్టింది కూడా. కాసేపటికి లేచి పాత పుస్తకాలు తీశాను. మొదటి పుస్తకం గీసేటప్పుడు కుంచె జారి సిరాచుక్క గుండుపాప బుగ్గ మీద పడింది. పుటంతా మళ్లీ గీసే ఓపిక లేదు. దిష్టిచుక్కలాగా బాగానే ఉందిలే అని వదిలేశాను. ఒక గడిలో పెట్టాక అన్ని గడుల్లోనూ పెట్టాలి కదా, అట్లా ప్రతి పుస్తకంలోనూ ఆ మచ్చ ఉండిపోయింది. అది సిరా అక్కా. ధనూకు మచ్చ లేదు.

నేనే పొరపాటు పడుతున్నానేమోనని అమ్మను అడిగాను. ఏమీ తెలియనట్టు, "అమ్మా, ధనూకు బుగ్గ మీద మచ్చ ఉండేదా?" అన్నాను. అమ్మ చింతపండు పిసుకుతూ తల కూడా ఎత్తకుండా, "ఉన్నె గదా, కుడిబుగ్గమింద. యెంత ముద్దుగా ఉన్నె" అంది.

చూడలేకపోతున్నానని నీ ఫోన్లోని ఫోటోలన్నీ నాకు పంపేసి నీ దగ్గర తీసేయించుకున్నావు. నేనూ వాటిని తెరవలేదు. ఫోటోలైతే గుండె కోస్తాయి, పుస్తకమైతే కాస్త నవ్విస్తుంది అని అందరం పుస్తకాన్నే చూస్తూ వచ్చాం. ఆ రోజు కూర్చుని అన్నీ తెరిచాను. మచ్చ లేదు. అంతే కాదు, గుండుపాపకు నేను గీసే గుండ్రటి కళ్లు ధనూవి కావు. ఆ మూతి ధనూది కాదు. ఫోటోలో బిడ్డను చూస్తే నాకు కొత్తగా అనిపించింది అక్కా! నా చేతుల్లో పెరిగిన బిడ్డ నాకు కొత్తగా అనిపించింది. కళ్లు మూసుకుంటే ధనూ రావడం లేదు, నేను గీసిందే వస్తోంది. గీసి గీసి బిడ్డను పోగొట్టుకున్నాను.

అందుకని స్రవంతి గారికి చెప్పేశాను. ఇదే ఆఖరి పుస్తకం. జాతర కథ అయిపోగానే గుండుపాప ఆగిపోతుంది. ఆమె ఎంతో చెప్పి చూసింది, నేను వినలేదు. జడలు కూడా వెయ్యను. నన్ను క్షమించు అనను, కోపం వస్తే కోప్పడు.

నీకు ఇది ఎంత దెబ్బో నాకు తెలుసు. చిన్నబిడ్డను ఐరాలలో పూడ్చిపెట్టాక తిథి పెట్టే ఆచారం లేదని పెద్దవాళ్లు అనేశారు. ఒక దినమంటూ లేకుండా పోయిందని నువ్వెంత కుమిలిపోయావో చూశాను. అందుకే ప్రతి ఏడూ పుస్తకం చేతికొచ్చిన రోజే దాని దినం చేసుకున్నావు. సేమ్యా పాయసం వండి, దీపం ముందు పుస్తకం పెట్టి, మొదటి పుట నుంచి చివరి పుట దాకా పైకి చదువుతావు. ఇప్పుడా దినాన్ని నేనే తీసేస్తున్నాను. అమ్మతో ఈ మాటే అని ఏడిస్తే, "తిథి పెట్టగూడదన్న్యారు గానీ, తలుసుకోని ఏడవగూడదని యెవురన్న్యారే? దానికి పుస్తకం యెందుకు? మీ అక్కను ఈడికి రమ్మను, ఇద్దురం ఐరాలకు పోయి బిడ్డ దగ్గిర కూసోని ఏడుస్తాం" అంది. వస్తావా?

ఇంకొక్క మాట ఉంది. చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్న మాట. ఒట్టు తప్పుతున్నాను.

ఫోటోలు చూసిన మరునాడు బావకు ఫోన్ చేశాను. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ రాసేదే కదా, "మీ బావ రాయి. ఇన్నేళ్లలో ఒక్క పుట తిప్పలేదు. పుస్తకం వచ్చిన రోజు కావాలని డబుల్ డ్యూటీ వేసుకుని పోతాడు" అని. నాకూ ఆయన మీద ఆ కోపం ఉంది. అయినా ఎవరినో ఒకరిని అడగాలి కదా. "బావా, ధనూకు బుగ్గ మీద మచ్చ ఉండేదా?" అని అడిగాను.

ఆయన డ్యూటీలో ఉన్నాడు. వెనక మిషన్ల చప్పుడు వినపడుతూ ఉంది. వినపడలేదేమోనని మళ్లీ అడిగాను.

"లేదుమ్మా," అన్నాడు. "మచ్చ మీ పుస్తకంలో ఉండే పాపకు. మా పాపకు లేదు. మా పాపకు ఎడమ చెవి కొస రవ్వంత మడిసి ఉంటాది. ఆకు మడిసినట్ల. నిద్రపోతా ఉంటే నేను యేలితో సరిసేస్తా ఉంటి. మళ్లా మడిసుకునేది."

ఆయనే మళ్లీ, "ఆ పుస్తకం నేనెందుకు ముట్టలేదో మీ అక్కకు చెప్పలేకపోయినాను. అట్ట మింద బొమ్మ సూసినప్పుడే అనుకున్నాను, ఇంగ దీన్ని సూస్తా పోతే నా బిడ్డ యాడికో పోతాది అని. మీ అక్క దాన్ని సూసుకోని బతకతా ఉండాది, ఆ మాట ఆమెతో ఎట్ల అనేది? అందుకే ఆ పొద్దు డ్యూటీకి పోతా. మిషన్ కాడ నిలబడుకోని దాన్ని తలుసుకుంటా. చెప్పొద్దుమ్మా, ఒట్టు" అన్నాడు.

ఫోన్ పెట్టి ఫోటోలు మళ్లీ తీశాను. ఎడమ చెవి చూశాను. మడత ఉంది. ఇన్ని పుస్తకాల్లో గుండుతో, చెవులు బయటికి కనపడేలా అన్ని వందల బొమ్మలు గీశాను, ఒక్కదానిలోనూ ఆ మడత పెట్టలేదు.

అక్కా, నువ్వు ఆయన్ను రాయి అన్నావు, నేనూ తాళం వేశాను. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు ఏడుస్తున్నారు. ఈ పుస్తకం వచ్చిన రోజున దీపం ముందు దాన్ని పెట్టకు. బావను డ్యూటీకి పోనివ్వకు. పాయసం పోసిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, ధనూ ఎట్లా ఉండేదో చెప్పమని అడుగు. కళ్లు ఎట్లా ఉండేవో, మూతి ఎట్లా ముడిచేదో, నిద్రలో ఎటువైపు తిరిగేదో అన్నీ అడుగు. మనందరిలో ఆయన ఒక్కడి దగ్గరే బిడ్డ ఉంది. ఆయన చెప్పింది చెప్పినట్టు నాకు రాయి అక్కా. నాకు కూడా దాన్ని చూడాలని ఉంది.

ఇట్లు,
నీ చెల్లెలు,
ధనూ చిన్నమ్మ
నవీన