మంత్రగత్తె గొంతు

జూన్ 15, ఆదివారం

మల్లిక ఫోన్ చేసింది. నేను చేసి పంపిన కప్ప కథ వీడియో వాళ్ల క్లాసులో అందరూ చూశారట. "నాన్నా, గీసారి ఇంకా పెద్ద కథ చెయ్యి, దాంట్ల నేనే హీరోయిన్" అంది.

పోయిన దసరా నుంచి నేనిక్కడ తాండూరులో, వాళ్లమ్మా తనూ వికారాబాద్‌లో. మధ్యలో ఒక రైలు ప్రయాణం. అంతే, కానీ అదే చాలా పెద్దదైపోయింది. సాయంత్రాలు ఇద్దరం ఫోన్లలో ఒకే గేమ్ ఆడుకుంటాం. నా బొమ్మ పచ్చ హెల్మెట్ పెట్టుకున్న గనికూలీ. తనది నక్కతోక ఉన్న విలుకత్తె. ఆడుతుండగా స్క్రీన్ రికార్డ్ చేస్తాను. తర్వాత స్టూడియో కంప్యూటర్‌లో ఆ బొమ్మలకు పెదాలు కదిలించి, పాత కథలు చెప్పిస్తాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చేతికి ఇదొక్కటే ఆనందం.

జూన్ 22, ఆదివారం

కథ దొరికింది. ఒక మంత్రగత్తె రాజును బండగా మార్చేస్తుంది. రాకుమారి ఒక్కతే అడవులు దాటి వెళ్లి ఆ బండ మీద చెయ్యి పెడితే రాజు మళ్లీ మనిషవుతాడు. రాజు నేను. రాకుమారి మల్లిక. మంత్రగత్తెగా గేమ్‌లోని డాక్టరమ్మను తీసుకున్నాను, తెల్లకోటు వేసుకుని ఉంటుంది.

ఊరికే తీసుకున్నానని రాయబోయాను. ఊరికే కాదు. మల్లిక వాళ్లమ్మ పద్మారాణి ల్యాబ్ టెక్నీషియన్. రోజూ తెల్లకోటే.

జూన్ 24

గొంతు కుదరడం లేదు.

జూన్ 26, గురువారం

కుదిరింది. నా గొంతే కొంచెం సన్నగా చేశాను. డ్యూటీ నుంచి రాగానే పద్మారాణి అనే మాటలే మంత్రగత్తె చేత అనిపించాను. "సప్పుడు చెయ్యకుండ కూసో. నాకు పానం బాగలేదు. నీ ముచ్చట్లు తర్వాత." అని కోట తలుపు ధడాలున వేస్తుంది. వింటుంటే నాకే నవ్వొచ్చింది. చాలా రోజులకు హాయిగా నవ్వాను.

జూలై 6, ఆదివారం

వీడియో మల్లికకు పంపి, ఆన్‌లైన్‌లో కూడా పెట్టాను. గంటలోపే ఫోన్. మల్లిక గొంతు మామూలుగా లేదు. రాజు నిజంగానే బిడ్డ ముట్టుకుంటేనే లేస్తాడా అని అడిగింది. ఇంకెవరు ముట్టుకున్నా లేవడు, బిడ్డ చెయ్యే కావాలి అన్నాను. తర్వాత, మంత్రగత్తె అమ్మలాగే మాట్లాడుతోందని మెల్లగా అంది.

కాదని చెప్పాల్సింది. కథలో గట్లనే ఉంటది బిడ్డా అన్నాను.

జూలై 9, బుధవారం

స్టూడియో ఓనర్ చంద్రశేఖర్ అన్న వీడియో చూసి మొదట పడీపడీ నవ్వాడు. చివరికొచ్చేసరికి ఆగిపోయాడు. "గా పిల్ల చూస్తదిర తమ్మీ, జర తీసెయ్" అన్నాడు. ఆయనకు మా ఇద్దరి పెళ్లి ఫోటోలు తీసిన చనువుంది. సరే అన్నాను. తీయలేదు. లైకులు బాగా వస్తున్నాయి.

జూలై 13, ఆదివారం, ఉదయం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

నిన్న మధ్యాహ్నం ఏదో కొత్త నంబర్ నుంచి ఫోన్. అవతల ఒక పెద్దావిడ. పేరు అష్రఫున్నీసా అని, జహీరాబాద్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది. "మల్లిక మీ బిడ్డేనా? ఒక్కతే రైలెక్కింది. ఫికర్ చెయ్యకుండ్రి, నా పక్కనే కూసుంది" అంది.

స్కూల్ ఒంటిపూట వదిలితే మల్లిక నేరుగా వికారాబాద్ స్టేషన్‌కు వెళ్లింది. తాండూరు రైలనుకుని బీదర్ వైపు వెళ్లేది ఎక్కింది. కిటికీ బయట తెలిసిన ఊళ్లేవీ రాకపోయేసరికి ఏడుపు మొదలుపెట్టిందట. చుట్టూ అందరూ కన్నడ మాట్లాడుతున్నారట. అష్రఫున్నీసమ్మ దగ్గరికి తీసుకుని, తినడానికి బిస్కెట్లిచ్చి, జహీరాబాద్‌లో తనతో పాటు దింపుకుంది. నంబర్ చెప్పమంటే నాది చెప్పిందట. అమ్మది చెప్పమంటే వద్దందట.

పద్మారాణికి ఫోన్ చేశాను. అప్పటికే స్కూల్ చుట్టూ, మార్కెట్‌లో వెతుకుతోంది. దొరికిందని, జహీరాబాద్‌లో ఉందని చెప్పాను. వెంటనే కారు మాట్లాడుకుని బయల్దేరుతున్నానంది.

బండి మీద నేనూ, కారులో తనూ ఇంచుమించు ఒకేసారి చేరాం. మల్లిక నన్ను చూసి పరుగెత్తుకొచ్చి నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుని పెట్టింది. తర్వాత తెరిచి నా మొహంలోకి చూసింది. "ఇప్పుడు ఇంటికొస్తవా?" అని అడిగింది.

వెనకాల పద్మారాణి తెల్లకోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది. అమ్మ దగ్గరికి పొమ్మంటే మల్లిక నా చొక్కా పట్టుకుని వెనక్కి నక్కింది. పద్మారాణికి ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది నాకొక్కడికే.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అష్రఫున్నీసమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. పాపం, ఆమె నన్ను మంచి తండ్రి అనుకుంది.

జూలై 16, బుధవారం

పద్మారాణి ఫోన్ చేసింది. మల్లిక తనతో అన్నం తినడం లేదని, ఎందుకని గట్టిగా అడిగితే వీడియో చూపించిందని చెప్పింది. నేను తిట్లకు సిద్ధమై కూర్చున్నాను. తను తిట్టలేదు.

"నేను నిజంగ గిట్లనే మాట్లాడుతనా?" అని అడిగింది.

కోపంగా కాదు. తెలుసుకోవాలన్నట్టు. ఇంటికొచ్చేసరికి అలిసిపోయి ఉంటానని, బిడ్డకు అట్లా వినిపిస్తున్నానని తనకు తెలియలేదని అంది. క్షమించమని అడగబోయేలోపే, మల్లికకు ట్యూషన్ టైం అయిందని పెట్టేసింది.

కొట్లాటల్లో ఎన్నిసార్లో ఆమె నోరు మూయించాలని చూశాను. ఎప్పుడూ కాలేదు. ఇప్పుడయింది.

జూలై 17

వీడియో డిలీట్ చేశాను. సాయంత్రానికి పరిగి ఊళ్లో తెలిసినవాళ్లెవరో ఫోన్‌లో పెట్టిన స్టేటస్‌లో అదే కనబడింది. వెనకాల నవ్వులు కలిపారు.

ఆగస్టు 3, ఆదివారం

వికారాబాద్ వెళ్లాను. కొత్త వీడియో చేసుకుని వెళ్లాను. ఇందులో డాక్టరమ్మే అందరినీ కాపాడుతుంది, రాజు తప్పు ఒప్పుకుంటాడు. మల్లికతో కూడా చెప్పాను. ఆ మంత్రగత్తె మాటలు నేను కావాలని పెట్టాను బిడ్డా, తప్పు నాది, అమ్మది కాదు అని. నేనూ అమ్మా మళ్లీ ఒకే ఇంట్లో ఉండం, ఎవరు ముట్టుకున్నా ఉండం అని కూడా చెప్పాను.

విన్నది. తలూపింది. వీడియో సగం చూసి ఫోన్ నా చేతికిచ్చేసింది. "అమ్మ గట్ల కూడా మాట్లాడది నాన్నా" అంది. నిజమే. ఈ గొంతు తేనెలా ఉంది. పద్మారాణి ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

లోపలి నుంచి పద్మారాణి పిలిచింది. మల్లిక వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్లు గిల్లసాగింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. నాకు వినపడలేదు. కొంతసేపు గుమ్మంలోనే ఉండి వచ్చేశాను.

ఆగస్టు 24, ఆదివారం

చాలా రోజుల తర్వాత గేమ్ తెరిచాను. విలుకత్తె ఆన్‌లైన్‌లో ఉంది. బిడ్డా అని టైప్ చేశాను. "మల్లికక్క ఆట మానేసి తన బొమ్మను నాకిచ్చింది, మీరెవరు?" అని జవాబొచ్చింది.

గనికూలీని ఎక్కడ నిలబెట్టాలో తెలియలేదు. విలుకత్తె కాసేపు నా చుట్టూ గెంతి, అడవిలోకి వెళ్లిపోయింది.