సౌండ్ తీసేసి చూసిన సినిమా

శనివారం రాత్రి, డాలీగంజ్

జపాన్‌లో నేను తీసిన వెదురుబుట్టల డాక్యుమెంటరీని సాయంత్రం పక్కింటి దాదీకి చూపించాను. ఇక్కడే పుట్టిన మనిషి. జపాన్ సైన్యం ఈ దీవుల్లో దిగినప్పుడు చిన్నపిల్ల. సినిమాలో ముసలాయన వెదురు చీలుస్తుంటే, "అరే వాహ్, ఏం చెయ్యి!" అని మురిసిపోయింది. అంతలో ఆయన మాట్లాడాడు. దాదీ చెవులు మూసుకుంది.

"ఆవాజ్ బంద్ కర్ బేటీ. మా నాన్నని పట్టుకుపోయినోళ్ల భాష అది."

సౌండ్ తీసేశాను. చివరిదాకా కదలకుండా చూసింది. రేపు గోల్ ఘర్‌లో అందరికీ వేసే షోకి కూడా వస్తానంది! అక్కడ సౌండ్ ఎలా తీసేది? ఆ ముసలాయన గొంతు కోసమే కదా ఇంత తిరిగాను. ల్యాప్‌టాప్ తెరుస్తున్నాను, మూస్తున్నాను.

దాదీ చెవులు మూసుకున్నప్పుడు ఆయన చెబుతున్నది, వెదురు చీల్చడం నేర్పిన వాళ్ల నాన్న గురించి. దాదీకి ఆ ముక్క చెప్పనా...