తొమ్మిదో కొవ్వొత్తి

ప్రేరీ బసీల్, లూయిసియానా
5 జూలై 1954

లాస్ ఏంజెల్స్‌లో మాల్వో కుటుంబ సమ్మేళన సంఘం కార్యదర్శి, మా అక్క ఫెలొనీస్ మనవరాలు ఇమెల్డాకు, దేవుడి చల్లని చూపు నీ మీద ఉండాలని కోరి రాయించేది:

నా పేరు అజెలీ మాల్వో. సిమియాన్ గారి భార్యను. ఆయన పోయి ఇరవై రెండేళ్ళు. నా వయసు డెబ్బై ఆరు. ఇంట్లో నేను, ఒక ఆవు, పదకొండు కోళ్ళు. కడుపున పిల్లలు లేరు. నాకు చదవడం రాయడం రాదు కాబట్టి మా చర్చి గంట కొట్టే ఇగ్నాస్ చేత రాయిస్తున్నాను. అన్నది అన్నట్టు రాస్తానని అతని చేత ఒట్టు వేయించుకున్నాను.

మీరు ఊరందరికీ పంచమని పంపిన కార్యక్రమ పత్రం అతనే చదివి వినిపించాడు. ఆగస్టు పదిహేను, మరియమ్మ పండుగ నాడు, మీ ఊళ్ళో మన నాలుగు తరాలవాళ్ళు నూట పన్నెండు మంది కలుస్తున్నారట. సంతోషం. పెద్దల బల్లకు ఎనిమిది కుర్చీలు, ఒక్కో ఇంటివాళ్ళకు ఒక్కో రంగు రిబ్బనట. అదీ సంతోషం. ఆ కింద "మనల్ని విడిచి వెళ్ళినవారు" అని జాబితా, మనిషికో కొవ్వొత్తి. ఎనిమిదో కొవ్వొత్తి మా అన్న ఒజేమ్‌ది. ఇగ్నాస్ అక్కడ ఆగి మంచినీళ్ళు తాగాడు. తొమ్మిదోది నాది.

నేను చావలేదు. ఇవాళ పొద్దున ఆవుకు పాలు పితికాను, కంచె విషయమై పక్కింటి ఒడీల్‌తో పోట్లాడాను. ఆ నూట పన్నెండు మందిలో ముప్ఫై ఒక్కరిని బొడ్డు కోసి లోకంలోకి తెచ్చినవి ఈ చేతులే. నువ్వూ అందులోదానివే. నేను లాగి బయటవేసినవాళ్ళు నాకు కొవ్వొత్తి పెడుతుంటే చూస్తూ ఊరుకోను.

నా పేరు అక్కణ్ణించి తీసేసి పెద్దల బల్ల దగ్గర నాకో కుర్చీ వెయ్యి. మా అక్క పక్కన అక్కర్లేదు. ఎదురుగా వేస్తే చాలు. మా ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్ళయింది. ఆమె పంపించిన మూడు ఉత్తరాలూ విప్పకుండానే పొయ్యిలో పెట్టాను. ఇంకో పదకొండేళ్ళు ఆగే వయసు ఇద్దరికీ లేదు. ఈ మాట ఆమెకు చదివి వినిపించకు.

ఇట్లు, బతికి ఉన్న,
అజెలీ మాల్వో (గుర్తు: చివర కొక్కెం ఉన్న శిలువ)
సాక్షులు: ఇగ్నాస్ పిత్రే, ఒడీల్ బాతీస్త్

తా.క. (రాసినవాడి మాట) పైన రెండు చోట్ల "సంతోషం" అని రాశాను. ఆమె అన్న మాట అది కాదు.


లాస్ ఏంజెల్స్
11 జూలై 1954

గౌరవనీయులైన ఇగ్నాస్ గారికి, సంఘం తరఫున ప్రగాఢ సానుభూతితో:

మీ ఉత్తరం అందింది. మా చిన్నమ్మమ్మగారి మీద మీకున్న అభిమానానికి కళ్ళు చెమర్చాయి. ఆమె లేరన్న సంగతి ఒప్పుకోలేక ఆమె గొంతుతోనే ఉత్తరం రాశారని అర్థమైంది. ఇలాంటప్పుడు మనసు పరిపరివిధాల పోతుంది. కాస్త విశ్రాంతి తీసుకోండి.

మా దగ్గర ఆధారం ఉంది. పోయిన నవంబరులో, సమాధులకు సున్నాలు వేసే పండుగకు మా అన్న అక్కడికి ఒక్క పూట వచ్చి, ఎవరినీ కలిసే తీరిక లేక ఫోటోలు మాత్రం తీసుకుని వచ్చాడు. సిమియాన్ తాతగారి సమాధి మీద, ఆయన పేరు పక్కనే చిన్నమ్మమ్మ పేరు నల్లరంగుతో స్పష్టంగా ఉంది. దాని మీద చామంతుల కట్ట కూడా ఉంది. ఆ ఫోటో అమ్మమ్మకు చూపించాను. భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత ఫోటో బోర్లా పెట్టి, "కొవ్వొత్తి పెట్టండి" అంది. ఇక మేము ఏమీ అడగలేదు.

సంఘం నియమాల్లో మూడోదాని ప్రకారం, జాబితాలోంచి ఒక పేరు తీయాలంటే మీ ఊరి పాదరీగారి కాగితం కావాలి. పోయినావిడకు ఇష్టమైన ప్రార్థన ఏదైనా ఉంటే తెలియజేయండి, ఆ రోజు చదివిస్తాం.

ఇట్లు, మీ దుఃఖంలో పాలుపంచుకునే,
ఇమెల్డా, కార్యదర్శి

తా.క. ఆమె కోళ్ళను ఎవరు చూస్తున్నారు?


ప్రేరీ బసీల్
18 జూలై 1954

ముప్ఫై ఒక్కరిలో అందరికన్నా ఎక్కువ ఏడ్చి పుట్టిన ఇమెల్డాకు, ఆశీస్సులు ఇంకా ఇవ్వకుండా అట్టేపెట్టి రాయించేది:

కోళ్ళను నేనే చూస్తున్నాను.

నీ ఉత్తరం నాకు చదివి వినిపించడానికి ఇగ్నాస్‌కు గంట పట్టింది. నడిమధ్యలో అతనే ఏడ్చాడు. తనకు మతి పోయిందని ఎవరూ అంత మర్యాదగా చెప్పలేదట.

ఆ సమాధి సంగతి విను. మా ఆయన పక్కన ఒక మనిషి పట్టే చోటుంది. దాని మీద మా ఆడబిడ్డ కన్నేసింది. అందుకని నా పేరు ముందే రాయించి పెట్టుకున్నాను, రాసింది కూడా ఇగ్నాసే. బస్సులో సీటు మీద తుండుగుడ్డ వేసుకోవడం లాంటిది. ఆ రోజు మా ఆయనకు పెట్టగా కొన్ని చామంతులు మిగిలాయి. పారేయడానికి మనసొప్పక, పురుడు పోసేప్పుడు బొడ్డుకు వేసే రెండు చుట్ల ముడితో కట్ట కట్టి నా పేరు మీద నేనే పెట్టుకున్నాను. బాగున్నాయి కూడా. ఎవరి పూలు వాళ్ళు చూసుకుంటే తప్పేమిటి?

పాదరీగారి దగ్గరికి పోయాను. కొత్తగా వచ్చాడు, సన్నగా ఉంటాడు. "నేను బతికి ఉన్నట్టు కాగితం ఇవ్వండి" అన్నాను. పుస్తకాలన్నీ తిరగేసి, బాప్తిస్మం అయినట్టు ఇవ్వగలను, పెళ్ళయినట్టు ఇవ్వగలను, పోయినట్టూ ఇవ్వగలను, మధ్యలో ఉన్నదానికి పుస్తకం లేదన్నాడు. చివరికి నేను పుట్టిన తేదీ ఉన్న బాప్తిస్మం కాగితమే ఇచ్చాడు. జత చేశాను.

కుర్చీ సంగతి ఏం చేశావు?

ఇట్లు, పుట్టి, ఇంకా పోని,
అజెలీ మాల్వో (గుర్తు)
సాక్షులు: ఇగ్నాస్ పిత్రే, ఒడీల్ బాతీస్త్ (కంచె తగాదా పక్కన పెట్టి)

తా.క. నమ్మకం కుదరకపోతే అద్దం ముందు వెనక్కి తిరిగి చూసుకో. ఎడమ పిరుదు మీద రేగుపండంత మచ్చ. మొదట చూసింది నేను.


లాస్ ఏంజెల్స్
24 జూలై 1954

గౌరవనీయులైన ఇగ్నాస్ గారికి:

బాప్తిస్మం కాగితానికి కృతజ్ఞతలు. చిన్నమ్మమ్మగారి పుట్టిన తేదీ మేము నాలుగు రోజులు తప్పు వేశాం. దాన్ని సరిదిద్ది నూట యాభై ప్రతులూ మళ్ళీ అచ్చు వేయించాం. ఇప్పుడు ఆమె పేజీ చాలా అందంగా వచ్చింది. చుట్టూ నల్ల అంచు కూడా వేశాం.

ఆ మచ్చ సంగతి మీకెలా తెలిసిందో సంఘం విచారిస్తోంది. మా నాన్నగారు మీతో స్వయంగా మాట్లాడాలనుకుంటున్నారు.

మీ ఉత్తరం అమ్మమ్మకు పూర్తిగా చదివాను. నాకైతే ఆ మచ్చ దగ్గర్నుంచి అనుమానం మొదలైంది. అమ్మమ్మ మాత్రం బెండకాయలు కోస్తూ తల ఎత్తలేదు. "శిలువ గీయడానికి చదువు కావాలా? ఎవరైనా గీస్తారు. అది బతికే ఉంటే, నేను ఊరు విడిచిన పొద్దున వెతికి వెతికి దొరక్క వదిలేసి వచ్చింది ఏమిటో, అది ఎక్కడ పోయిందో చెప్పమను. చెప్పలేకపోతే ఇంకో పెద్ద కొవ్వొత్తి కొనండి" అంది.

అదేమిటో నాకు తెలియదు. మీకు తెలిస్తే ఒక ముక్క రాయండి. పదిహేనో తారీకు దగ్గరపడుతోంది. అటు కుర్చీలు, ఇటు కొవ్వొత్తులు, ఎవరిని ఎక్కడ లెక్కపెట్టాలో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు.

ఇట్లు, అయోమయంలో ఉన్న,
ఇమెల్డా

తా.క. ఒకవేళ ఆమె నిజంగా ఉన్నట్టయితే, గంబో పులుసులోకి ససాఫ్రాస్ ఆకు పొడి తెమ్మనండి. ఇక్కడ దొరికేది రంపపు పొట్టులా ఉంది.


ప్రేరీ బసీల్
31 జూలై 1954

ఇమెల్డాకు, ఈ ఉత్తరం మీ అమ్మమ్మ ఎదురుగా, పొయ్యి మీద ఏమీ లేనప్పుడు చదవాలని చెప్పి రాయించేది:

సరే. అడిగింది కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మ గంబో వండే ఇనప కుండ ఒకటుంది. అది నాకు రావలసింది. మంచాన పడ్డ అమ్మను చూసుకున్నది నేను. పెద్దదాన్నని చెప్పి మా అక్క దాన్ని బొంతలో చుట్టి మీ ఊరి రైలెక్కించింది. కుండ తీసుకుపోయింది గానీ మూత దొరకలేదు. ఇల్లంతా, పాకంతా వెతికింది. రైలు వేళయ్యిందని తిట్టుకుంటూ పోయింది.

మూత కోళ్ళగూట్లో, పొదుగుతున్న పెట్ట కింద ఉంది. నేనే పెట్టాను. ఆమె గూటి ముందు నిలబడి "అజెలీ, మూత చూశావా" అంటే, "నాకేం తెలుసు" అన్నాను. పెట్ట కూడా ఏమీ అనలేదు.

పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. నెలకోసారి తీసి పందికొవ్వు రాసి తుడిచి పెడుతున్నాను, తుప్పు పట్టకుండా. ఎందుకని ఇగ్నాస్ అడిగాడు. రాయడం నీ పని, అడగడం కాదన్నాను.

ఇప్పుడు ఆ మూత చంకలో పెట్టుకుని మీ ఊరు వస్తున్నాను. ఆగస్టు పదో తేదీ, మంగళవారం లాఫాయెట్‌లో రైలు. ఆవును ఒడీల్‌కు అప్పజెప్పాను. కుర్చీ వేస్తే కూర్చుంటాను, వెయ్యకపోతే మూత మీద కూర్చుంటాను.

ఇట్లు,
అజెలీ మాల్వో (గుర్తు)
సాక్షులు: ఇగ్నాస్ పిత్రే, ఒడీల్ బాతీస్త్

తా.క. (రాసినవాడి మాట) ఇమెల్డా నాన్నగారికి: అయ్యా, ఆ మచ్చ నేను చూడలేదు.


లాస్ ఏంజెల్స్
6 ఆగస్టు 1954
(అత్యవసరం)

పూజ్యురాలైన, బతికి ఉన్న చిన్నమ్మమ్మగారికి మీ ఇమెల్డా వేయి నమస్కారాలతో:

క్షమించండి. ఇగ్నాస్ గారిని కూడా క్షమించమనండి. నాన్న శాంతించారు.

మీ ఉత్తరం అమ్మమ్మకు చదివాను. "పెట్ట కింద" అన్న చోట కత్తి కింద పెట్టింది. "చచ్చినవాళ్ళకు ఇంత పొగరుండదు" అంది. ఏప్రన్ విప్పి, టోపీ పెట్టుకుని స్టేషనుకు నడిచి వెళ్ళి టికెట్టు కొనుక్కొచ్చింది. మంగళవారమే బయలుదేరుతోంది, మూత తెచ్చుకోవడానికి. సరిపోతుందో లేదో చూసుకోవాలని కుండ కూడా మోసుకొస్తోంది. ఎనభై ఏళ్ళ మనిషి. మీరే వస్తున్నారు కదా అంటే, "అది వస్తానంటే వస్తుందని ఏం నమ్మకం? పదకొండేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేసింది" అంటుంది.

చిన్నమ్మమ్మా, దయచేసి మీరు కదలకండి. అమ్మమ్మ పెద్దల బల్లకు అధ్యక్షురాలు. ఆమె అక్కడ, మీరు ఇక్కడ ఉంటే సమ్మేళనంలో నేనూ కొవ్వొత్తులూ మిగులుతాం. రెండు రైళ్ళూ బుధవారం ఎల్ పాసోలో ఆగి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మీరిద్దరూ చెరో కిటికీలో చెరో దిక్కుకు పోతారు. గేటు దగ్గర కూర్చుని ఆమె రాగానే మూత ఇచ్చి, ఆమెను వెంటనే వెనక్కి పంపించండి.

ఇట్లు, కాళ్ళు చేతులు ఆడని,
ఇమెల్డా

తా.క. మీ కుర్చీ వేయించాను. ఎదురుగానే.


ఎల్ పాసో స్టేషను, టెక్సస్
11 ఆగస్టు 1954

మా మనవరాలు ఇమెల్డాకు, అట్టేపెట్టిన ఆశీస్సులన్నీ కలిపి ఒక్కసారే పంపిస్తూ:

గేటు దగ్గర కూర్చోమన్నావు. ఆమె వచ్చి అడిగేదాకా దొంగలా కూర్చోవడం నావల్ల కాదు. రైలెక్కాను.

ఇక్కడిదాకా ఇంజను వెనక, మన నల్లవాళ్ళను విడిగా కూర్చోబెట్టే పెట్టెలో వచ్చాను. మసంతా నా టోపీ మీదే ఉంది. ఎల్ పాసో దాటితే ఆ నియమం లేదట. ఇక్కడికి రాగానే రైలు ఉద్యోగి వచ్చి, "అమ్మా, ఇక్కణ్ణించి మీరు ఎక్కడైనా కూర్చోవచ్చు" అన్నాడు. "అయితే ప్లాట్‌ఫారం మీద కూర్చుంటాను" అని దిగిపోయాను.

పడమటి నుంచి రావలసిన మా అక్క రైలు గంట ఆలస్యం. ఆ గంటలో నేను ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో ఈ ఉత్తరం రాస్తున్న సామాన్ల పోర్టరు ఎల్బర్ట్ గారు లెక్కపెట్టారట. చెప్పవద్దన్నాను. రైలు వచ్చింది. ముందు కుండ దిగింది, తరవాత మా అక్క దిగింది. చిన్నదైపోయింది. కుండ మాత్రం అలాగే ఉంది.

"మూత ఏది?" అంది.

"ముందు కుండ చూపించు" అన్నాను.

బెంచీ మీద పెట్టి మూత వేశాం. చప్పుడు కూడా కాకుండా కూర్చుంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. అటు నా రైలు పోయింది, ఇటు ఆమె రైలు పోయింది.

అప్పుడు అడిగాను, ఫోటోలో పేరు చూసి, కనుక్కోకుండా నన్ను ఎలా చంపేశావని. ఆమె నవ్వింది. "నేను పేరు ఎప్పుడు చదివాను? నీలాగే నాకూ అక్షరం రాదు. పూలు చూశాను. చామంతులకు బొడ్డు ముడి వేసే పిచ్చిది ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. పోయినదాని సమాధి మీద పూలు పోయినదే ఎలా కడుతుంది? బతికున్నావని అప్పుడే తెలుసు."

"తెలిసీ కొవ్వొత్తి పెట్టమన్నావా?"

"మూడుసార్లు పిలిచాను. పలకలేదు. పిలిస్తే రావు, చంపితే వస్తావనుకున్నాను. వచ్చావుగా."

ఇమెల్డా, నీ సంఘమంతా కలిసి చెయ్యలేని పని ఈవిడ భూతద్దంతో చేసింది. నాకు కోపం రావాలి. వెతుకుతున్నాను, ఎక్కడ పెట్టానో దొరకడం లేదు.

శుక్రవారం రైలుకు ఇద్దరం వస్తున్నాం. గంబోలో బెండకాయ వెయ్యాలని ఆమె, ఆకు పొడి వెయ్యాలని నేను. దారిలో తేలకపోతే రెండు కుండలు సిద్ధం చెయ్యి. మూత మాత్రం ఒకటే. తొమ్మిదో కొవ్వొత్తి పారేయకు, దానితో పొయ్యి అంటిస్తాను.

కుర్చీ ఎదురుగా వద్దు. పక్కన వెయ్యి. ఆమెకు ఎడమ చెవి వినబడడం లేదు, కుడి వైపు వెయ్యి.

ఇట్లు,
అజెలీ మాల్వో (గుర్తు)
ఫెలొనీస్ మాల్వో (గుర్తు)

తా.క. (రాసినవాడి మాట) రెండు గుర్తులకూ చివర ఒకే కొక్కెం ఉంది. ఎవరిది చూసి ఎవరు నేర్చుకున్నారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు. కుండ మధ్యలో ఉంది.

సాక్షులు: ఎల్బర్ట్ హోమ్స్, సామాన్ల పోర్టరు, రెఫూహియో ఆర్తియాగా, స్టేషనులో కాఫీ బల్ల నడిపేవారు