పందొమ్మిది సాయంత్రాల జ్వరం

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
6 ఫిబ్రవరి 1994

ప్రభువునందు ప్రియమైన మీకు,

ఎలీసమ్మ వందనాలు. మిమ్మల్ని కలకత్తా ఆస్పత్రిలో చేర్చి మీ కార్ఖానా జగ్గారావన్నయ్య నిన్న తిరిగి వచ్చాడు. మంచం కిటికీ పక్కన దొరికిందన్నాడు. అంతకంటే అడగడానికి నాకు ఓపిక లేకపోయింది.

అత్తయ్యను వదిలి రాలేను. అన్నీ మంచం మీదే కదా. ఆవిడ పక్కబట్టలు ఉతికి ఆరేసేసరికి పది దాటుతుంది. సాయంత్రం రైల్వే కార్ఖానా సైరను వినపడగానే "ఆమోసు డూటీ దిగినాడేటి?" అంటుంది. "ఇంకా లేదత్తయ్యా" అంటాను. రోజూ ఇదే మాట.

నిన్న కుళాయి దగ్గర మీ పైన ఉండే ఛార్జ్‌మన్‌గారి భార్య కలిసింది. "డాక్టరుబాబు డిసెంబర్లోనే డూటీకి ఫిట్ అని రాసినాడు గదా. మీ ఆయన ఇప్పుడు పనికాడ నేల మీద పడిపోడం కూడా నేర్సుకున్నాడట, మావారు సెప్పినారు" అంది అందరి ముందూ. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. మీకు చార్జిషీటు తయారుగా ఉందట. కలకత్తాలో కూడా రోగం ఏమీ లేదని రాస్తే చేతికిస్తారట. ముప్ఫై ఒక్క ఏళ్ళు సుత్తి పట్టిన మనిషికి ఆఖర్న దొంగరోగి అన్న పేరు వస్తుందేమోనని భయంగా ఉంది.

ఏలియా పాస్టరుగారు కూడా అడిగారు, "అమ్మా, స్వస్థత వచ్చిందని నవంబరులో సాక్ష్యం చెప్పావు కదా, మళ్ళీ ఏమైంది?" అని.

మందులు మానకండి.

మీ కోసం మోకాళ్ళ మీద ఉన్న
ఎలీసమ్మ


కలకత్తా
10 ఫిబ్రవరి

ప్రియమైన ఎలీసాకు,

ఇక్కడ క్షేమం అని రాయాలి. రాశాను అనుకో.

ఎక్స్‌రే తీశారు. నా తొడ ఎముకకి ఎనభై ఒకటిలో వేసిన ఇనుప పలక ఉన్నచోటే ఉంది, కదల్లేదు. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. ఇంత బాగున్న మనిషికి సాయంత్రమయ్యేసరికి చలి ఎందుకు పుడుతోందో వీళ్ళకి అంతు చిక్కడం లేదు. అదీ రోజూ రావడం లేదు. సూదిమందుల వల్ల కాబోలు, ఒకరోజు వచ్చి రెండు రోజులు దాక్కుంటోంది.

ఇంకొక పరీక్ష ఉందట. నా రక్తమే తీసి, అందులో తెల్లకణాలు వేరు చేసి, వాటికి కొంచెం రేడియోధార్మిక మందు అంటించి మళ్ళీ నాలోకే ఎక్కిస్తారు. ఒంట్లో ఎక్కడ వాపు, చీము ఉంటే ఆ కణాలు అక్కడికి పరిగెడతాయట. పైన ఒక కెమెరా పెట్టి అవి ఎక్కడ గుమిగూడాయో చూస్తారు. డాక్టరమ్మ చెబుతుంటే రైలు ప్రమాదమైతే వెళ్ళే మన బ్రేక్‌డౌన్ బండి గుర్తొచ్చింది. సైరను మోగాక అది మిడ్నపూర్ వైపు పోయిందా, టాటానగర్ వైపు పోయిందా చూసి ప్రమాదం ఎటు జరిగిందో చెప్పేవాళ్ళం కదా. ఇదీ అంతే.

చిక్కు ఏమిటంటే ఆ మందు బొంబాయి నుంచి వారానికి ఒక్కసారే వస్తుంది. ముగ్గురికి సరిపోతుంది. అడిగేవాళ్ళు పదిమంది. "దాదా, జ్వరం నిజంగా నెలల నుంచి ఉందని కాగితం మీద కనపడాలి. ఇంట్లో రోజూ జ్వరం రాసిన పుస్తకం తెప్పించండి" అంది డాక్టరమ్మ. సోమవారం జాబితా వేస్తారు. ఆదివారం జగ్గారావు వస్తాడు, వాడి చేతికి ఇవ్వు.

అమ్మకి నేను డ్యూటీ దిగలేదనే చెబుతూ ఉండు.

నీ
ఆమోసు


ఖరగ్‌పూర్
12 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

జగ్గారావన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అందుకే నాలుగు ముక్కలే. జ్వరం పుస్తకం కనపడలేదు. బీరువా వెనకా, బియ్యం డబ్బా దగ్గరా వెతికాను. చెదలు తిన్నాయేమో. మీరు నోటితో చెబితే డాక్టరమ్మ నమ్మదా?

అత్తయ్య కులాసా. నిమ్మకాయ ఊరగాయ పంపుతున్నాను.

ఎలీసమ్మ


ఖరగ్‌పూర్
14 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

మొన్న రాసింది అబద్ధం. పుస్తకం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

నవంబరు పందొమ్మిదిన మన ఇంట్లో ప్రార్థన జరిగింది కదా. ఆ రోజూ, మర్నాడూ మీకు జ్వరం రాలేదు. ఆదివారం నేను లేచి సాక్ష్యం చెప్పాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ గుడిలో వెనక వరసలో కూర్చున్నదాన్ని, అంతమందిలో నా గొంతు వినపడడం అదే మొదలు. నా పక్కన కూర్చునే ఎస్తేరమ్మ అత్త నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇంటికొచ్చి ఆ సాయంత్రం మీ నోట్లో థర్మామీటరు పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. నూటొకటి.

రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే దేవుణ్ణి నమ్మనట్టు అనిపించింది. విశ్వాసంతో తొంభై ఎనిమిది అని రాస్తే తెల్లారేసరికి అదే నిజమవుతుందనుకున్నాను. మర్నాడు నూటొకటి మీద రెండు. మళ్ళీ తొంభై ఎనిమిదే రాశాను. ఆ తరవాత అది విశ్వాసం కాదు, భయం. పందొమ్మిది సాయంత్రాలు అలా రాశాను. ఆ పుస్తకం చూసే డాక్టరుబాబు ఫిట్ రాశారు. ఆయన తప్పేమీ లేదు. మిమ్మల్ని సుత్తి దగ్గరికి పంపింది నేను.

ప్రతి అంకె పక్కనా అసలుది ఎర్ర సిరాతో రాశాను. మరిచిపోదామన్నా ఒక్కటీ మరపు రాలేదు. మీరు చదివి డాక్టరమ్మకి చూపించండి. నా మొహం చూడాలనిపించకపోతే నేను అర్థం చేసుకుంటాను.

ఎలీసమ్మ


కలకత్తా
19 ఫిబ్రవరి

ప్రియమైన ఎలీసాకు,

నీ ఉత్తరం గురువారం అందింది. పరీక్ష బుధవారానికే అయిపోయింది.

మొదట ఆ సంగతి చెబుతాను. మంగళవారం టీ గ్లాసులో సగం దాకా రక్తం తీశారు. మధ్యాహ్నం దాన్ని వెనక్కి ఎక్కించి యంత్రం కింద పడుకోబెట్టారు. కదలొద్దన్నారు. తీసిన బొమ్మల్లో కాలేయమూ ప్లీహమూ మెరిశాయి. అవి ఎప్పుడూ మెరుస్తాయట. ఇంకేమీ కనపడలేదు. ఆ రాత్రి నిజంగానే నేను దొంగరోగినేమో అనుకున్నాను. బుధవారం మళ్ళీ తీశారు. తొడలో, పలక కింద, ఎముకని ఆనుకుని రూపాయంత తెల్లటి మచ్చ. డాక్టరమ్మ నన్ను తెర దగ్గరికి పిలిచి, "చూడండి దాదా, మీ మనుషులందరూ ఇక్కడే ఉన్నారు" అంది. పన్నెండేళ్ళు నోరెత్తని పలక లోపల చీము పోసుకుంది. వచ్చే బుధవారం తీసేస్తారు.

ఇప్పుడు నీ సంగతి. నాకు నవంబరులోనే తెలుసు. ఒళ్ళు కాలిపోతుంటే నువ్వు కిటికీ దగ్గర నిలబడి తొంభై ఎనిమిది అన్నావు. నా ఒంట్లో ఏముందో నాకు తెలియదా? డ్యూటీలో చేరాక రోజూ నాలుగింటికి జగ్గారావు ఫస్టెయిడ్ పెట్టెలోని థర్మామీటరు పెట్టేవాడు. "ఇంటికాడ నార్మలు, ఇక్కడ నూటరెండు. మీ ఇంటి థర్మామీటరుకి బాప్తిస్మం ఇప్పించినారేటి?" అనేవాడు. డాక్టరుకి చూపిద్దామంటే నేనే ఆపాను. వాడు మాత్రం నేను డ్యూటీ చేసిన ముప్ఫై ఎనిమిది రోజులూ రిజిస్టరులో రాసుకున్నాడు. ఆదివారం నీ చీటీ నాకిచ్చి, నేను చదివి మడిచేదాకా ఆగి, జేబులోంచి ఆ రిజిస్టరు నకలు తీశాడు. "ఎలీసమ్మ సెల్లికి దొరకనిది నాకు దొరికింది" అన్నాడు. దాని మీదే జాబితాలో పేరెక్కింది.

ఎందుకు ఆపానంటావా. సాక్ష్యం చెప్పి కూర్చున్నప్పుడు నీ మొహం చూశాను. పెళ్ళయ్యాక ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. దాన్ని నా నోటితో తీసేయలేకపోయాను. కోపం రాలేదా అంటే వచ్చింది. చలితో సుత్తి ఎత్తిన ప్రతిరోజూ వచ్చింది. రాలేదంటే అది మన ఇంట్లో ఇంకో అబద్ధం అవుతుంది.

చీము ఎముకని కొంత తినేసిందట. ఇక సుత్తి పట్టలేను, కూర్చునే పని ఇస్తారు. ముందే వస్తే ఇంత అయ్యేది కాదు అంది డాక్టరమ్మ. నీకు చెప్పకుండా ఉంచలేను.

పుస్తకం జగ్గారావు చేతికిచ్చి పంపుతున్నాను, పొయ్యిలో పెట్టెయ్. గుడిలో ఎవరికీ ఏమీ చెప్పకు. తెల్లకణాలు చెప్పినది చాలు.

నీ
ఆమోసు


ఖరగ్‌పూర్
27 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

ఆపరేషను అయిందనీ, పలక బయటికి తీశారనీ జగ్గారావన్నయ్య గురువారం చెప్పాడు. ఛార్జ్‌మన్‌గారి భార్య కుళాయి దగ్గర నాకు చోటిచ్చి పక్కకి జరిగింది. అదీ నాకు సంతోషంగా అనిపించలేదు. అలసటగా ఉంది.

మీరు పొయ్యిలో పెట్టమన్నారు. పెట్టలేదు. ఇవాళ గుడికి తీసుకెళ్ళాను.

సాక్ష్యాలు అడిగినప్పుడు లేచాను. పుస్తకం తెరిచి చదివాను. "నవంబరు ఇరవై ఒకటి, సాయంత్రం, నేను రాసింది తొంభై ఎనిమిది, ఉన్నది నూటొకటి. ఇరవై రెండు, రాసింది తొంభై ఎనిమిది, ఉన్నది నూటొకటి మీద రెండు." అయిదో రోజుకి వచ్చేసరికి ఎవరో దగ్గారు. పాస్టరుగారు "చాలమ్మా, కూర్చో" అన్నారు మెల్లగా. ఎస్తేరమ్మ అత్త పక్కనుంచి, "ఉండనియ్యండి అయ్యగారూ, దేవుడికి లెక్క తెలుసు, మనకే తెలవాల" అంది. పందొమ్మిదీ చదివాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

మీ కాలి సంగతి మీరు ఎంత మెల్లగా రాసినా అది నేను చేసిందే. క్షమించమని అడగడానికి మీరు ఇంటికొచ్చేదాకా ఆగుతాను, ఉత్తరంలో అడగను.

సాయంత్రం అత్తయ్య మళ్ళీ మిమ్మల్ని అడిగింది. "కలకత్తా ఆస్పత్రిలో ఉన్నాడత్తయ్యా, కాలికి ఆపరేషను చేసినారు" అన్నాను. "మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?" అంది. తరవాత గంజి తాగింది.

ఈ ఉత్తరం అందిన సాయంత్రం మీ జ్వరం ఎంతుందో రాయండి. ఎంతుంటే అంత.

మీ
ఎలీసమ్మ